నాలుగు గంటల పదును

రిమోటుతో పరిగెత్తే చిన్న పందెపు బగ్గీ కడుపు కింద నీలం కాగితం పరిచి, దాని వీపు మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కి వదిలింది తబస్సుమ్. కాగితం తీసి చూస్తే బండ మీద ముందు వైపు ఏమీ లేదు, వెనక ఎడమ పక్కన మాత్రం కందిబద్దంత నీలి మచ్చ. అంటే ఆ మూల మిగతా మూడింటికన్నా ముందుగా నేలను తాకుతోంది. కడపలో ఒక డెంటల్ ల్యాబులో కూర్చుని తొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకు పళ్ళ సెట్లు కట్టే మనిషికి ఇది రోజూ ఉండే పనే. అక్కడ ఈ కాగితాన్ని ప్లాస్టర్ దవడల మధ్య పెట్టి కొరికిస్తుంది, మచ్చ పడిన పన్నును వెంట్రుకవాసి గీకుతుంది, అంతే తేడా. ఇక్కడ గీకడానికి పన్ను లేదు కాబట్టి వెనక ఎడమ చక్రం కుదుపులు మింగే షాకు మీది మరను అర చుట్టు బిగించి, మళ్ళీ కాగితం పెట్టి మళ్ళీ నొక్కింది. ఈసారి మచ్చలు నాలుగు మూలలా సమానంగా పడ్డాయి. అమ్మయ్య అనుకుంది కానీ గుండె ఆ మాట వినలేదు, అది పొద్దున్నుంచీ దాని ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటోంది, పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంతగా కొట్టుకోలేదు, అప్పుడు అసలు కొట్టుకుందో లేదో కూడా గుర్తులేదు. మూడున్నరైంది. ఫైనల్ నాలుగున్నరకు. ఇంకా గంట. గంటంటే ఎన్ని నిమిషాలో తెలియనిదానిలా రెండుసార్లు ఫోన్ తీసి టైము చూసుకుంది.

ఫైనల్లో పది బగ్గీలు, అందులో రెండు ఆమె చేతుల్లో తయారైనవే. ఒకటి ఈ ఎదురుగా బండ మీద ఉన్నది, పసుపుది, మూరెడు పొడవు కూడా ఉండదు. రెండోది షెడ్డు ఆ చివర హర్షవర్ధన్ బల్ల మీదున్న నల్లది. మూడేళ్ళుగా ఆ నల్లదాన్ని ఆమె విప్పింది, కట్టింది, కడిగింది, ఏ స్ప్రింగు ఎప్పుడు వెయ్యాలో చెప్పింది, అతను రిమోటు పట్టుకుని నడిపి గెలిచాడు. హర్ష చెడ్డవాడేం కాదు. బద్వేలు దగ్గర భూములున్న ఇంటి పిల్లాడు, చదువంతా బెంగళూరు హాస్టళ్ళలో, నోరు తెరిస్తే అక్కా అంటాడు, తబస్సుమ్ చెప్పిన మాటకు ఎదురడిగింది లేదు. కానీ పోయిన ఏడాది కర్నూలు పోటీ తర్వాత పేపర్లో ఫోటో పడింది. కప్పు పడింది, హర్ష పడ్డాడు, నల్ల బగ్గీ పడింది, తబస్సుమ్‌ది ఒక భుజం పడింది. కింద "మెకానిక్‌తో విజేత" అని రాశారు. వాళ్ళమ్మ జులేఖా బీ అద్దాలు పెట్టుకుని చూసి, "భుజం బాగా పడిందే" అంది, ఎగతాళిగా కాదు, నిజంగానే బాగుందనుకుని. ఆ భుజం మూడు రోజులు నొప్పెట్టింది. నాలుగో రోజు నల్లదాని పాత భాగాలన్నీ ఒక డబ్బాలో పోసుకుని, లేనివి తెప్పించుకుని, ఈ పసుపుదాన్ని కట్టడం మొదలుపెట్టింది, దీన్ని నేనే నడుపుతాను అని హర్షకు చెప్పింది. మంచిదే అక్కా, నాదీ చూస్తావు కదా, అన్నాడు. చూస్తానంది, చూస్తూనే ఉంది. ఇవాళ ఆమెకు కప్పు అక్కర్లేదు, మొదటి మూడు స్థానాలూ అక్కర్లేదు, ఐదోదైనా చాలు, ఆరోదైనా చాలు, నల్లది మాత్రం తన వెనక గీత దాటాలి. ఈ మాట బయటికి అంటే చిన్నపిల్ల మాటలా ఉంటుందని ఎవరితోనూ అనలేదు. లోపల మాత్రం పొద్దున్నుంచీ వందసార్లు అనుకుంది.

నల్లదాని గుట్టు ఆమెకు తెలుసు, దాన్ని నడిపే చేతుల గుట్టూ తెలుసు, తెలియనిదల్లా తన చేతులే. ఆ చేతులకు నాలుగు నెలలుగా ల్యాబు మిద్దె మీద పాఠాలు చెప్పింది. పగిలిన ప్లాస్టర్ దవడలు ల్యాబులో బోలెడుంటాయి, పారెయ్యడానికి బస్తాలో వేసి పెడతారు, వాటిని మిద్దె మీద వంకరటింకరగా పేర్చి, వాటి మధ్య నుంచి బగ్గీని పోనిచ్చేది. పై దవడ దగ్గర ఎడమకు, కింది దవడ దగ్గర కుడికి, ముందు పళ్ళు ఊడిన దవడ దగ్గర గట్టి మలుపు. ట్యాంకు చూడ్డానికి పైకొచ్చిన పక్కింటావిడ ఎండలో అన్ని దవడలు నోళ్ళు తెరుచుకుని ఉండటం చూసి కిందికి పరిగెత్తింది. నవ్వొచ్చింది తబస్సుమ్‌కు, ఆ నవ్వులోనే పొద్దుటి మూడో మలుపు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. అర్హత రౌండ్లలో మూడో మలుపు దగ్గర తోక పక్కకు కొట్టేసింది, ఒకసారి కాదు, ప్రతిసారీ. అందుకే ఏడో స్థానం. హర్ష రెండు. తోక ఎందుకు కొడుతోంది, వెనక టైర్లకు పట్టు లేక, పట్టెందుకు లేదు, నేల పిండిలా ఉంది కాబట్టి. ఈ స్థలం ఒకప్పుడు నాపరాళ్ళు పాలిష్ చేసే యార్డు, కోత మిషన్లు పోయాయి కానీ రాతిపొడి పోలేదు, ఎంత ఎర్రమట్టి తోలి ట్రాక్ వేసినా గాలి వీస్తే షెడ్డులోంచి బూడిద రంగు పొడి వచ్చి దాని మీద పరుచుకుంటుంది. పొద్దున పోసిన నీళ్ళు పదింటికల్లా ఆవిరైపోయాయి. మార్చి ఎండ, అదీ కడప ఎండ, దాన్ని ఎవరు ఆపగలరు.

ఆపగలనన్నాడు ఓబులేసు. ట్రాక్‌కు మట్టి తోలిందీ, చదును చేసిందీ, ట్యాంకరుతో నీళ్ళు పోసేదీ ఆయనే. యాభై ఐదేళ్ళుంటాయి, సేద్యం చేసి చేసి మోకాళ్ళు అరిగాక ట్యాంకరు పెట్టుకున్నాడు. పొద్దుటి దుమ్ము చూసి ఆయనకు తల తీసేసినట్టయింది. పన్నెండింటికి ట్రాక్ అంతా ఖాళీ చేయించి, నీళ్ళు పోసి, ఆగి, మళ్ళీ పోసి, పైన తడి గోనెపట్టాలు పరిచి, వాటి మీద నీలం పట్టలు కప్పాడు. నాలుగుంబావు దాకా ఎవరూ వాటిని ఎత్తకూడదు, ఎండ తగలకూడదు అని నిర్వాహకులకే హుకుం వేశాడు. ఇప్పుడు ట్రాక్ మొత్తం దుప్పటి కప్పుకుని పడుకుంది, దాని కింద ఏముందో డ్రైవర్లెవరికీ తెలియదు, ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకుని టైర్లు వేసుకుంటున్నారు. తబస్సుమ్ మాత్రం ఊహించుకోలేదు, మూడింటికి నేరుగా ఆయన్నే అడిగింది. "నాలుగ్గంటలకి నేల మంచి పదును మీదుంటాది పాపా, సూడు" అన్నాడు ఓబులేసు, మీసం కింద నవ్వుకుంటూ, సొంత వంట గురించి చెప్పుకున్నట్టు.

పదును. ఆ మాట వినగానే ఆమె తలలో అది ధార్ అయిపోయింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, ప్రతి తెలుగు మాటకూ లోపల ఒక ఉర్దూ మాట ఎప్పుడూ సిద్ధంగా కూర్చుని ఉంటుంది. కత్తికి ధార్, పళ్ళు గీకే బర్రుకు ధార్, ల్యాబులో రోజూ వినేదే, ఈ బర్రు పదును పోయింది, కొత్తది తీయండి అని. అంటే నేల గట్టిపడి, రాతిపొడి పైకి తేలి, సాన పట్టినట్టు కోస్తుందన్నమాట. అవును మరి, ఈ ఎండకు నీళ్ళు పోసి కప్పి ఉడకబెడితే ఇటుకలా గట్టిపడక ఏమవుతుంది. అలాంటి నేల మీద మెత్తటి బొడిపెల టైర్లు వేస్తే రెండు నిమిషాల్లో బొడిపెలన్నీ గీరుకుపోతాయి, నున్నటి గట్టి టైర్లే వెయ్యాలి, షాకుల్లో చిక్కటి ఆయిల్ పోయాలి, బగ్గీని నేలకు దించాలి. అంతా ఒక్క మాటలోంచి వరసగా వచ్చేసింది, వచ్చినందుకు తన తెలివికి తనే మురిసిపోయింది. ఆ మురిపెంలోనే షెడ్డు ఆ చివరికి నడిచి, హర్షతో కూడా చెప్పింది. "గట్టి టైర్లు ఎయ్యి హర్షా, చిక్కటి ఆయిల్ పొయ్యి, బండి కిందికి దించు, నేల కోస్తాదంట." "సరే అక్కా" అన్నాడు. అంతే, ఎందుకని అడగలేదు, ఎవరు చెప్పారని అడగలేదు, టైర్ల డబ్బా మూత తీశాడు. ఎందుకు చెప్పింది తను? మూడేళ్ళ అలవాటు. నాలుక మెకానిక్‌దే, అది డ్రైవరైన సంగతి దానికింకా తెలియదు.

మూడు నలభై. వెనక షాకులు రెండూ విప్పి పాత ఆయిల్ వంచేసి నలభై అయిదో నంబరు పోసింది, చిక్కగా, తేనెలా మెల్లగా దిగింది. పిస్టన్ను పైకీ కిందికీ ఆడిస్తే సన్న బుడగలు లేచాయి. బుడగలంటే ఆమెకు పట్టరాని కోపం. పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీ పొడిని కలిపేటప్పుడు ఒక్క బుడగ లోపల చిక్కుకున్నా సెట్టు ఆరు నెలల్లో సరిగ్గా అక్కడే విరుగుతుంది, అప్పుడు ఆ పెద్దమనిషి సగం సెట్టు రుమాల్లో కట్టుకుని వచ్చి, ఏమమ్మా ఇదేనా నీ పని అంటాడు, సెట్టు లేని నోటితో అంటాడు కాబట్టి సగం మాటలు అర్థం కావు, తిట్టని మాత్రం అర్థమవుతుంది. షాకును బండకేసి వేలిగోరుతో టిక్కు టిక్కుమని కొట్టింది, ఒక్కో బుడగా పైకొచ్చి పగిలింది, ఆఖరిది రానని మొండికేసింది, దానికోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఈ బుడగ వస్తే గెలుస్తాను అనుకుంది, వచ్చింది, వచ్చాక అలా అనుకున్నందుకు సిగ్గేసింది. మూత బిగించింది. చక్రాల వాలు చూసింది, ఒక డిగ్రీ లోపలికి, చాలు. కళ్ళు మూసుకుని ట్రాక్ ఒకసారి చుట్టొచ్చింది, బొటనవేలు గాల్లో కదులుతోంది, మొదటి మలుపు, జంట మిట్టలు, రెండో మలుపు, ఎగురు, దిగు, మూడో మలుపు, ఇక్కడ వేగం తగ్గించడానికి చెయ్యి వదిలి, చక్రం తిప్పి, మెల్లగా, మెల్లగా, ఇప్పుడు నొక్కు. ఈసారి తోక కొట్టలేదు. కళ్ళు మూసుకున్నప్పుడు ఆమెకు ఎప్పుడూ కొట్టదు.

కళ్ళు తెరిస్తే ఎదురుగా గురమ్మ కూర్చుని ఉంది. ఓబులేసు భార్య, మొగుడి వెంట ట్యాంకర్లో వచ్చింది, పొద్దున్నుంచీ ఎవరి బల్ల దగ్గర నీడుంటే అక్కడికి మారుతూ ఉంది. చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ బగ్గీని చాలాసేపు చూసింది. "ఏం పాపా, ఈ నున్నటి చక్రాలు ఏంటికి ఏస్తాండావు? జారదా?"

"నేల పదును మీదుంటాదని పెద్దాయన చెప్పినాడు కదా పెద్దమ్మా. మెత్తటివి ఏస్తే కోసుకుపోతాయి."

గురమ్మ కొంగు ఆపింది. "కోసుకుపోయేదేంది?" అంది. ఒక్క క్షణం తబస్సుమ్ మొహంలోకి చూసి, అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కత్తి పదును అనుకుంటివా తల్లీ. నేలకు పదునంటే తేమ. పిడికిట్లో మన్ను పట్టుకుంటే ఉండ కావల్ల, ఇదిలిస్తే చేతికి అంటకుండా రాలల్ల. ఆ పదునులోనే కదా యిత్తనం ఏసేది. మద్దేన్నం నుంచి మా ఆయన ఆ పట్టల కింద చేస్తాండేది అదే."

తేమ. ధార్ కాదు, నమీ. ముప్పై రెండేళ్ళుగా తెలుగు మాట్లాడుతోంది, తెలుగులో బేరాలాడింది, తెలుగులో పోట్లాడింది, తెలుగులో కలలు కూడా ఒకటి రెండు కన్నది, ఈ ఒక్క మాటకు రెండో అర్థం ఉందని ఏ ఒక్కరూ చెప్పలేదు, చెప్పే సందర్భమేది, ఆమెకు పొలమేది, విత్తనమేది, ఇంటి ముందు సిమెంటు, ల్యాబు ముందు సిమెంటు. ఫోన్ చూసింది. మూడు యాభై ఎనిమిది. నాలుగుంబావుకు కార్లు తనిఖీ బల్ల మీద పెట్టెయ్యాలి, పెట్టాక ముట్టకూడదు, ఆ తర్వాతే పట్టలు తీస్తారు. పదిహేడు నిమిషాలు. ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కింది, భయమనుకుంది, కాదు, భయమైతే చేతులు వణకాలి, చేతులు వాటంతటవే స్పానరు అందుకుని చక్రాల నట్లు విప్పేస్తున్నాయి, నాలుగు చక్రాలూ బండ మీద దొర్లాయి. ఒకటి దొర్లుకుంటూ గురమ్మ కాళ్ళ దగ్గరికి పోయింది, ఆమె దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, తను ఏదో పాడు చేశానేమోనని చూస్తోంది. లేదు పెద్దమ్మా, నువ్వు నా ప్రాణం కాపాడినావు అందామనుకుంది, చెప్పే తీరిక లేక "ఆ నీలం డబ్బా ఇట్లియ్యి" అంది.

నీలం డబ్బాలో బొడిపెల టైర్లు, మెత్తవి, వేలితో నొక్కితే వంగేవి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మెత్తటి నేల కాబట్టి చక్రాలు దిగబడతాయి, గాళ్ళు పడతాయి, కాబట్టి బగ్గీని పైకి లేపాలి, నాలుగు మరలూ రెండు చుట్లు, లేదు మూడు, రెండున్నర. నీలం కాగితం పెట్టే టైము లేదు, కన్నే కాగితం. ఇక ఆయిల్. చిక్కటిది ఉంచితే వెనక చక్రాలు గాళ్ళలో ఎగిరెగిరి పడతాయి, పలచటిది పోస్తే నేలను అంటిపెట్టుకుంటాయి. నాలుగు షాకులకూ కుదరదు, వెనక రెండే. పది నిమిషాల క్రితం ముద్దు చేసి బుడగలు తీసిన ఆయిల్ని గుడ్డలోకి వంచేసింది, ఆ మొండి బుడగ కోసం బిగబట్టిన ఊపిరంతా వృథా, పోతే పోనీ. ముప్పయ్యో నంబరు నీళ్ళలా దూకింది. టిక్కు టిక్కు. పలచటి ఆయిల్లో బుడగలు తొందరగా వస్తాయి, ఆ సంగతి ఇప్పుడే తెలిసింది, చిక్కటి అబద్ధం కన్నా పలచటి నిజం నయమని అనుకుని, ఇలాంటి మాటలు ఇప్పుడు అవసరమా అని తనను తనే కసిరింది. మూత. రెండో మూత. నాలుగూ ఏడు.

అప్పుడు తల ఎత్తితే షెడ్డు ఆ చివర నల్లది కనిపించింది. నున్నటి టైర్ల మీద, చిక్కటి ఆయిల్ మీద, నేలకు దించుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు చేసుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. తడి నేల మీద అది మొదటి మలుపులోనే పాకుడు మీద కాలు పెట్టినట్టు జారిపోతుంది. వద్దన్నా తన వెనకే గీత దాటుతుంది, అసలు దాటితే. ఇంత తేలిగ్గా దొరికింది. ఎవరికీ తెలియదు, గురమ్మకు కూడా, ఆ రెండోదాని సంగతి గురమ్మకేం తెలుసు. తను కావాలని చేసింది కాదు కదా, తనూ అలాగే అనుకుంది కదా. ఒకవేళ నోరు మూసుకుని ఈ చక్రాలకు నట్లు బిగించుకుంటూ కూర్చుంటే అది అబద్ధమెలా అవుతుంది, నట్లు బిగించుకోవడం అవుతుంది. ఒక నట్టు బిగించింది. ల్యాబులో ఒకసారి ఒక సెట్టులో సన్న పగులు కనిపించింది, కనిపించింది తనకొక్కదానికే, అతికించి నున్నగా సానపట్టి ఇచ్చేస్తే ఏడాది దాకా ఎవరూ కనుక్కోలేరు, ఇవ్వలేదు, మళ్ళీ మొదట్నుంచి కట్టింది, మంచితనం వల్ల కాదు, అది ఎవరి నోట్లోనో ఉందని తెలిస్తే తనకు అన్నం సయించదు. ఇదీ అంతే. తను నడిపి గెలవాలి. పొరపాటుగా చెప్పిన ఒక మాట గెలిస్తే ఆ గెలుపు మాటది, పేపర్లో మళ్ళీ భుజమే పడుతుంది. నాలుగూ తొమ్మిది. స్పానరు చేత్తోనే పట్టుకుని షెడ్డు ఆ చివరికి పరుగులాంటి నడక నడిచింది.

"హర్షా, టైర్లు మార్చు. బొడిపెలవి ఎయ్యి. పదునంటే నేను తప్పుగా అనుకున్యా, కోసేది కాదంట, తేమంట. గురమ్మ పెద్దమ్మ చెప్పింది. ఆరు నిమిషాలుండాది, నట్లు నేను పట్టుకుంటా, దా."

హర్ష కదల్లేదు. రిమోటు బ్యాటరీ మూత వేస్తున్నవాడు వేస్తూనే ఆమెను చూశాడు, ఆమె చేతిలో స్పానర్ను చూశాడు, షెడ్డు ఇవతలి చివర ఉన్న పసుపు బగ్గీ దిక్కు చూశాడు. "ఇంతసేపూ కోస్తాదంటివి" అన్నాడు. "ఇప్పుడు తడంటున్నావు."

"నా బండికి బొడిపెలవే ఏసినా, పోయి చూసుకో."

"ఇప్పుడేసినావు. బల్ల మీదికి పోయేలోపల మళ్ళా తీస్తావు." చిన్నగా నవ్వాడు, ఆ నవ్వులో కోపం లేదు, ఒక రకమైన జాగ్రత్త ఉంది, ముందెన్నడూ ఆమె వైపు తిరగని జాగ్రత్త. "శానా నేర్చినావక్కా."

"నేనెప్పుడన్నా నీకు అబద్ధం చెప్పినానా?"

"అప్పుడు నువ్వు నడిపేదానివి కాదు కదక్కా."

వెనక్కి తిరిగి మొదటి రెండడుగులు మంటతో వేసింది. మూడేళ్ళు, మూడేళ్ళు కళ్ళు మూసుకుని నమ్మినవాడు, తప్పు మాట చెబితే గుటుక్కున మింగినవాడు, నిజం మోసుకుని పరిగెత్తి వస్తే అబద్ధమంటాడా, పోనీ, ముక్కు నేలకు రాసుకోనీ, వాడి ఇష్టం. మూడో అడుగు దగ్గర ఆ ఆఖరి మాట మళ్ళీ చెవిలో పడింది. నడిపేదానివి కాదు కదక్కా. అంటే ఇప్పుడు నడిపేది. అంటే ఇప్పుడు ఆమె ఏ టైర్లు వేస్తుందో, ఎందుకు వేస్తుందో, ఎవరిని ఏమార్చడానికి వేస్తుందో అని ఆ కుర్రాడు లెక్కలు వేసుకుంటున్నాడు. మెకానిక్‌ను ఎవరు అనుమానిస్తారు, మెకానిక్ ఎత్తులు వేస్తాడని ఎవరు భయపడతారు, భుజానికి ఎవరు భయపడతారు. హర్ష ఆమెకు భయపడ్డాడు. అబద్ధమాడి గెలవగల మనిషిగా ఆమెను లెక్కలోకి తీసుకున్నాడు. నవ్వు తన్నుకొచ్చింది, షెడ్డు మధ్యలో స్పానరు పట్టుకుని ఒక్కతే నవ్వింది, పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పి చూశారు, వాళ్ళలో ఒకడు గబగబా తన టైర్ల డబ్బా తెరిచాడు, ఇది చూసి ఆమెకు ఇంకా నవ్వొచ్చింది. ఇంత సంతోషం ఏ మెచ్చుకోలుకూ కలగలేదు. మిగతా మూడు నట్లు ఎప్పుడు బిగించిందో ఆమెకే తెలియదు, నాలుగూ పద్నాలుగుకు పసుపుది తనిఖీ బల్ల మీద ఉంది, రెండు కార్ల అవతల నల్లది నున్నటి కాళ్ళతో ఉంది.

పట్టలు తీశారు. గోనెసంచులు చుట్టి పక్కకు లాగారు. కింద నేల ముదురు ఎరుపులో, ఒక్క రవ్వ దుమ్ము లేకుండా, ఎక్కడా నీరు నిలవకుండా, అప్పుడే స్నానం చేయించిన దూడలా ఉంది. వాసన షెడ్డు దాకా వచ్చింది. ఓబులేసు వంగి గుప్పెడు మన్ను తీసి పిడికిలి బిగించి తెరిచాడు, అరచేతిలో ఉండ, చెయ్యి విదిలించాడు, ఉండ రాలిపోయింది, అరచెయ్యి శుభ్రంగా ఉంది, దాన్ని గాల్లో ఎత్తి అందరికీ చూపించాడు. డ్రైవర్లు నిలబడే ఎత్తు అరుగు మీద పదిమందిలో నలుగురైదుగురు తమ నున్నటి టైర్ల దిక్కు చూసుకున్నారు. హర్ష ఆమె పక్కనే నిలబడ్డాడు. రిమోటు మీద వేళ్ళు ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తబస్సుమ్ అరుగు అంచు నుంచి వంగి చూసింది, పసుపుది ఏడో గడిలో నిలబడి ఉంది, దాని వెనక ఎడమ చక్రం నట్టు బిగించానా, బిగించాను, బిగించానా.

బజరు మోగింది, ఆ తర్వాత ఏడు నిమిషాలు ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. మొదటి మలుపులో ముందున్న ముగ్గురు ఒకరి మీద ఒకరు పడటం, ఆ సందులోంచి పసుపుది దూరిపోవడం, దూర్చింది తనేనా అని ఆశ్చర్యం. బొడిపెలు మన్నును పట్టుకున్న తీరు బొటనవేలికి తెలిసింది, నేలకూ వేలికీ మధ్య గాలి తప్ప ఏమీ లేకపోయినా తెలిసింది. మూడో మలుపు, చెయ్యి వదిలి, తిప్పి, మెల్లగా, తోక కొట్టబోయి, కొట్టకుండా, కూర్చుంది. అదే మలుపులో నల్లది ఒకసారి పూర్తిగా తిరిగిపోయింది, రెండోసారి బోర్లా పడింది, ఎవరో పరిగెత్తి తిప్పి నిలబెట్టారు. కానీ హర్ష ఊరికే గెలిచినవాడు కాదు, నున్నటి టైర్లతోనే, జారుతూనే, జారుడును లెక్కలో వేసుకుంటూ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చాడు. అయిదో నిమిషంలో నల్లది ఆమె వెనక పది అడుగుల్లో ఉంది, ఆరో నిమిషంలో అయిదు, తను కట్టిన బండి, దాని మోటారు మోత తన మోటారు మోతలాగే ఉంది, ఏది ఎవరిదో చెవికి తెలియడం లేదు. అబ్బ ఎంత బాగా నడుపుతున్నాడు అనుకుంది, అనుకుని, నీ పని నువ్వు చూసుకో అనుకుంది. ఆఖరి చుట్టు. జంట మిట్టల దగ్గర నల్లది పక్కకొచ్చింది, ముక్కుకు ముక్కు, మూడో మలుపు లోపలి వైపు దానిదే. ఆమె వెడల్పుగా పోయి, ఎవరూ తొక్కని, ఇంకా తేమ ఆరని బయటి మట్టి మీదికి పసుపుదాన్ని తోలింది, అక్కడ పట్టు ఉందని ఎవరూ చెప్పలేదు, మన్ను రంగు చూసి తెలుసుకుంది. నొక్కింది. నల్లది లోపల జానెడు జారింది. ఆ జానెడు చాలు.

నాలుగు. హర్ష అయిదు. మైకులో భూపేష్ అనే ఆయన పేర్లు చదువుతున్నాడు, నాలుగో స్థానం డ్రైవర్ తబస్సుమ్ అన్నాడు, ఆ రెండు మాటలు పక్కపక్కన ఎవరైనా అనడం ఆమె అంతకుముందు వినలేదు. వేళ్ళు రిమోటును వదలడం లేదు, ఒక్కొక్కటిగా విప్పుకోవాల్సి వచ్చింది. అరుగు దిగబోతుంటే హర్ష వెనక నుంచి, తల వంచుకుని తన రిమోటు పట్టీ చుట్టుకుంటూ అన్నాడు, "ఇంకోసారి చెప్తే నమ్ముతాలే అక్కా."

తబస్సుమ్ వెనక్కి తిరిగి ప్రేమగా చూసింది.

"ఇంకోసారి చెప్పను" అంది.